గస్తీకి నాలుగో షెడ్యూలు

1956 జనవరిలో ఒక సాయంత్రం, ప్రొద్దుటూరు ఊరి బయట మైదానంలో ఉపమంత్రిగారు మైకు ముందు నిలబడి, ఇకమీదట ఈ ప్రాంతంలో దొంగతనం శాస్త్రీయంగా అసాధ్యమవుతుందని ప్రకటించారు. ఆయన ఏ శాఖకు ఉపమంత్రో నేను రాయను. ఆ సంగతి పూర్తిగా తెలుసుకునే అవకాశం అప్పటికి ఆయనకే ఇంకా కలగలేదు.

నేను ప్రొద్దుటూరులో చిన్న అచ్చాఫీసు నడుపుతూ, బెజవాడ నుంచి వచ్చే ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. ఊళ్లోవాళ్లు నన్ను ‘పేపరప్పా’ అని పిలిచేవారు. పెద్దలు మాట్లాడినప్పుడల్లా ముందు వరసలో కుర్చీ దొరకడం ఈ వృత్తిలో సుఖం. మధ్యలో లేచిపోయే వీలు లేకపోవడం కష్టం.

ఉపమంత్రిగారు నిజానికి ఆ సాయంత్రం దొంగతనాల గురించి మాట్లాడాలని రాలేదు. ఖాదీ గురించి మాట్లాడుతున్నారు. మధ్యలో పెంచలమ్మ అనే ఆమె, వలంటీర్ల చేతుల కింద నుంచి దూరి వేదిక దగ్గరికి వచ్చేసింది. ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ నడుమ, పెన్న ఒడ్డున ఏటిగడ్డపల్లెలో ఆమె కాపురం. మొగుడు పోయి ఆరేళ్లు. గొర్రెల మంద ఒకటే ఆధారం.

“సామీ, మా ఊరికాడ ఏటి దోవలో జీవాలు పోతాండాయి. ఇరవై దినాల్లో నావే పదకొండు పాయ. పట్టపగలు లారీలో ఎక్కిచ్చుకోని పోతాండారు. గస్తీ దళమని పెట్టినారంట గదా, ఒక్క పోలీసప్పను ఆ దోవన తిరగమని చెప్పు సామీ. ఒక్కడు సాలు.”

గస్తీ దళం ఉన్నమాట నిజమే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలకు కలిపి ‘మూడూళ్ల ప్రత్యేక గస్తీ దళం’ అని అంతకు ముందు ఏడాదే స్థాపించారు. ముప్పై ఆరుగురు మనుషులు. ప్రారంభోత్సవం నాడు కవాతు చేస్తుంటే చూశాం. మళ్లీ చూడలేదు. నిజమైన రక్షణ కంటికి కనిపించదని మా ఊరి పార్టీ పెద్ద గంగులయ్య మాకు నచ్చజెప్పాడు.

పెంచలమ్మ మాటకు ఉపమంత్రిగారి కళ్లు చెమర్చాయి. మైకును దగ్గరికి లాక్కున్నారు.

“ఒక్కడేమిటమ్మా! ఒక్కడిని పంపేసి చేతులు దులుపుకోవడం తెల్లదొరల పద్ధతి. ఎన్ని గంటలకు పంపాలి, ఎంతసేపు తిప్పాలి, ఎప్పుడు మార్చాలి, ఇవన్నీ ముందు తేలాలి. మూడు రకాల షిఫ్టు షెడ్యూళ్లు తయారుచేయిస్తాను. మూడింటినీ మూడూళ్లలో పెట్టి పోల్చి చూస్తాం. ఏది నెగ్గితే దాన్ని రాష్ట్రమంతా అమలు చేస్తాం.”

చప్పట్లు మోగాయి. మొదట కొట్టినవాడు గంగులయ్య. పెంచలమ్మ అక్కడే నిలబడి ఉంది.

“అయితే మనిషి ఎప్పుడొస్తాడు సామీ?” అని అడిగింది. అప్పటికి జాతీయగీతం మొదలైంది.

*

నెల తిరక్కముందే కర్నూలు నుంచి స్పెషలాఫీసరు వచ్చి ట్రావెలర్స్ బంగళాలో దిగారు. సర్కారు జిల్లాల మనిషి. ఇంగ్లీషులో ఆలోచించి, తెలుగులో సంతకం పెట్టేవారు. ఆయన అధ్యక్షతన పరిశీలనా సంఘం ఏర్పడింది. ప్రజల తరఫున సభ్యుడు గంగులయ్య. గంగులయ్యకు రెండు లారీలున్నాయి గనక ప్రజల రాకపోకల గురించి ఆయనకు బాగా తెలుసు. పత్రికల తరఫున నన్ను కూచోమన్నారు.

గోడకు మూడు చార్టులు తగిలించి ఉన్నాయి. ఎర్ర చార్టు ప్రొద్దుటూరుది: రోజుకు ఎనిమిదేసి గంటల చొప్పున మూడు షిఫ్టులు. నీలం చార్టు జమ్మలమడుగుది: పన్నెండేసి గంటల చొప్పున రెండు. పచ్చ చార్టు పులివెందులది: ఏకబిగిన ఇరవైనాలుగు గంటలు పని, తరువాత నలభై ఎనిమిది గంటలు విశ్రాంతి. పులివెందులకే ఎందుకలా అని నేనడిగితే, ఆ ఊరికి వెళ్లి రావడానికి బస్సులో ఎలాగూ రోజు పడుతుంది గదా అన్నారు. ఇంత ముందుచూపు నేనెక్కడా చూడలేదు.

“ఇక మనుషుల్ని పిలవండి,” అన్నారు స్పెషలాఫీసరు.

దళం రైటరు హాజరు పుస్తకం తెరిచాడు. పిలవలేదు, చదివాడు.

“నలుగురు కర్నూల్లో ఉపమంత్రిగారి ఇంటికాడ డ్యూటీ సార్.”

“అక్కడేం చేస్తున్నారు?”

“ఒకాయప్ప వంట బాగా చేస్తాడు సార్. తక్కిన ముగ్గురు బాగుండాదని చెప్తారు.”

“సరే. తరువాత?”

“ఐదుగురు ఉపమంత్రిగారి మామగారి ఊర్లో బావికాడ బందోబస్తు.”

“బావికి బందోబస్తెందుకయ్యా?”

“వాళ్లే తవ్వుతాండారు సార్. ముగ్గురు తమరి సామాను మోసుకోని వచ్చినారు. ఇద్దరు తమరి గేదె కాడ ఉండారు.”

“ఒక్క గేదెకు ఇద్దరా?”

“షిఫ్టు పద్ధతి సార్.”

స్పెషలాఫీసరు ముఖం వికసించింది. నా వైపు తిరిగి, “రాసుకోండి, కింది స్థాయిలో కూడా చైతన్యం వచ్చింది,” అన్నారు. నేను రాసుకున్నాను.

ఎనిమిది మంది గంగులయ్య ఇంటి కాపలాలో ఉన్నారు. ఆయనకు ప్రాణభయం. ఎవరి వల్ల అని ఆఫీసరు అడిగితే, “అది కనుక్కోమనే గదా సార్ ఎనిమిది మందిని పెట్టుకున్యాము,” అన్నాడు గంగులయ్య. ఆరుగురు పక్కగదిలో చార్టులకు గీతలు గీస్తున్నారు. ఐదుగురు ఎక్కడికో బదిలీ మీద వెళ్లారు. వాళ్లెక్కడున్నారో కనుక్కొని రమ్మని పంపిన ఇద్దరు కూడా తిరిగి రాలేదు.

“అంటే ముప్పై ఐదుగురు అయ్యారు. ఇంకొకడు?”

“బయట వరండాలో నిలబడుకోని ఉండాడు సార్.”

ఆ ఒక్కడి పేరు గౌస్ మొహిద్దీన్. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఎర్రటోపీ కింద నెరిసిన చెంపలు, ఇస్త్రీ లేకపోయినా ఉతికిన నిక్కరు, ఎడమ మోకాలు కొంచెం వంకర. కొండాపురంలో, ఖాజీపేటలో, చెన్నూరులో పాతికేళ్లు బీటు తిరిగి ఈ దళానికి వచ్చాడు. ఆయనకు వంట రాదు. బావి తవ్వడానికి మోకాలు పనికిరాదు. గేదెలంటే భయం. అందువల్ల గస్తీకి మిగిలాడు.

నేను ఆఫీసరుగారు నిరుత్సాహపడతారనుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి చేతులు రుద్దుకున్నారు.

“శాస్త్రానికి ఇదే మేలు! మూడూళ్లలో ముగ్గురు వేరువేరు మనుషులైతే తేడా మనిషిదో షెడ్యూలుదో తేలదు. మనిషి ఒక్కడే అయితే పోలిక కచ్చితంగా వస్తుంది. ఏమోయ్, రేపటి నుంచి మూడు షెడ్యూళ్లూ నీవే.”

గౌస్ మొహిద్దీన్ సెల్యూట్ కొట్టి అన్నాడు:

“సార్, ఈడ ఎనిమిది, జమ్మలమడుగులో పన్నెండు, పులివెందులలో ఇరవైనాలుగు. అంతా కలిపితే నలభైనాలుగు గంటలాయ. దినానికి ఉండేది ఇరవైనాలుగే గదా సార్.”

ఆఫీసరుగారు కాగితం మీద కూడి చూసుకున్నారు.

“నిజమే. రోజులో ఇరవై గంటలు తక్కువ పడుతున్నాయి. ప్రభుత్వానికి రాస్తాను.”

రాశారు కూడా. అదనపు గంటలు ఈ సంవత్సరానికి మంజూరు చేయడం వీలుపడదనీ, రెండో పంచవర్ష ప్రణాళికలో పరిశీలిస్తామనీ పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. అంత త్వరగా జవాబు రావడం చూసి మేమంతా ముచ్చటపడ్డాం. ఇక నెలకొక ఊరు చొప్పున పరీక్ష పెట్టాలని తీర్మానమైంది.

*

మార్చి నెలంతా పులివెందులలో పచ్చ చార్టు నడిచింది. ఇరవైనాలుగు గంటలు పని అయ్యాక విశ్రాంతికి వెళ్లాలంటే, తన చోటికి మరొకడు రావాలి. మరొకడు లేడు. అందువల్ల గౌస్ మొహిద్దీన్ విశ్రాంతిని కూడా గస్తీ తిరుగుతూనే తీసుకున్నాడు.

ఏప్రిల్లో జమ్మలమడుగు. అక్కడ రెండు షిఫ్టుల మధ్య చార్జి అప్పగించే పుస్తకం ఉంది. నేను చూశాను. ‘అప్పగించినవాడు: గౌస్ మొహిద్దీన్. అందుకున్నవాడు: గౌస్ మొహిద్దీన్. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు.’ ఆ చివరి వాక్యం రైటరు సొంతంగా చేర్చింది. ఆ నెలాఖరుకు మోకాలు బుడ్డచెంబులా వాచింది. ఆయన భార్య మైమూన్ ప్రొద్దుటూరు నుంచి రెండు రోజులకొకసారి బస్సెక్కి వచ్చి, జొన్నరొట్టెలూ వేడి ఉప్పు మూటా ఇచ్చి పోయేది.

“రాజీనామా రాసిచ్చి ఇంటికి రారాదూ,” అంది ఒకసారి నా ముందే. “నువ్వు పడిపోతే పట్టుకునేదానికి గూడా ఇంకో షిఫ్టు లేదు.”

“పెంచలమ్మక్క ఊరి దోవ వచ్చే నెల్లో వస్తాది మైమూన్. అది ప్రొద్దుటూరు బీటు కిందికి పడతాది,” అన్నాడాయన. “అంత దూరం నడిచి వచ్చి ఒక్కడు సాలనింది గదా ఆయమ్మ. ఒక్కణ్ణి ఉండా గదా నేను.”

మేలో ప్రొద్దుటూరులో ఎర్ర చార్టు మొదలైంది. మూడు షిఫ్టులూ తిరిగితే ఈ మనిషి బతకడని డాక్టరు రాసిచ్చాడు గనక, పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా మాత్రమే గస్తీ. తక్కిన రెండు షిఫ్టులు చార్టులోనే ఉండిపోయాయి. ఈ సంగతి ప్రజలకు తెలియజేయాలని గంగులయ్య పట్టుబట్టాడు.

“ప్రజాస్వామ్యంలో దాపరికం ఉండగూడదు సార్. ఏ దోవన ఎన్ని గంటలకు పోలీసు వస్తాడు, ఎన్ని గంటలకు పోతాడు, అంతా అచ్చేసి అతికిస్తాం.”

కరపత్రాలు నా అచ్చాఫీసులోనే వేశాం. ‘ఏటి దారి: ఉదయం 6 మొదలు మధ్యాహ్నం 2 వరకు’ అని పెద్దక్షరాల్లో. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు. వాటిని చెట్లకూ గోడలకూ అతికించిన మరునాటి నుంచి ఏటిగడ్డపల్లెలో గొర్రెలు సరిగ్గా రెండుంపావుకు పోవడం మొదలైంది. అంతకు ముందు ఎప్పుడు పడితే అప్పుడు పోయేవి. షెడ్యూలు ప్రభావం అప్పుడే కనిపిస్తోందని ఆఫీసరుగారు సంతోషించారు.

పదకొండో రోజున గౌస్ మొహిద్దీన్ రెండు గంటలకు ఇంటికి బయలుదేరలేదు. ఏటి ఒడ్డున తుమ్మచెట్ల మాటున కూచున్నాడు. రెండుంపావు దాటాక లారీ వచ్చింది. ఇద్దరు దిగి, పెంచలమ్మ మందలోంచి గొర్రెల్ని ఎత్తి ఎక్కిస్తున్నారు. మేపుతున్న పెంచలమ్మను ఒకడు చెర్నాకోలతో దూరంగా అదిలించాడు. తొమ్మిదోదాన్ని ఎక్కిస్తుండగా విజిలు మోగింది.

లారీ డ్రైవరు భయపడలేదు. ఆశ్చర్యపోయాడు. జేబులోంచి కరపత్రం తీసి చూపించాడు.

“ఏంది మామా ఇది! నీ డ్యూటీ అయిపాయ గదా. సూడు, అచ్చేసినారు.”

“నా గడియారం వెనక నడుస్తాదిలే,” అన్నాడు గౌస్ మొహిద్దీన్.

డ్రైవరు ఎక్కేలోపల ఆయన లారీ ముందుకు కుంటుకుంటూ వెళ్లి, ఇంజను తిప్పే కడ్డీ లాగి పెన్న మడుగులోకి విసిరేశాడు. అది లేకుండా ఆ లారీ కదలదు. తోసినా, కొట్టినా ఆయన బానెట్టు మీంచి దిగలేదు. పెదవి చిట్లింది. ఈలోగా పెంచలమ్మ కేకలకు ఊరు ఊరంతా వచ్చింది. ఆమె లారీలోకి ఎక్కి, తన గొర్రెల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. గొర్రెలకు పేర్లుంటాయని, చూసినవాళ్లు చెబితే, నాకు ఆ రోజే తెలిసింది.

లారీ ఎవరిదో తలుపు మీదే రాసి ఉంది. గంగులయ్యది.

*

మరునాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఒకవైపు గౌస్ మొహిద్దీన్, చిట్లిన పెదవితో. ఇంకోవైపు పెంచలమ్మ. ప్రజల ప్రతినిధి కుర్చీలో గంగులయ్య. ఆఫీసరుగారు ఎప్పుడూ లేనంత బాధలో ఉన్నారు.

“ఎన్ని గంటలకు పట్టుకున్నావు?”

“రెండూ ఇరవైకి సార్.”

“నీ షిఫ్టు ఎన్నింటికి ముగిసింది?”

“రెండుకు సార్.”

“మరి ఈ కేసును నేను ఏ గడిలో రాయాలి? మొదటి షిఫ్టు అయిపోయింది. రెండో షిఫ్టులో మనిషి లేడు. లేని మనిషి దొంగను ఎలా పట్టుకుంటాడు? మూడు నెలల పరిశోధన మొత్తం పాడుచేశావు!”

“దొంగలు దొరికినారు గదా సార్,” అన్నాడు గౌస్ మొహిద్దీన్. ఆ మాటలో ఎదిరింపు లేదు. నిజంగా అర్థంకాక అడిగాడు.

“దొంగలు ఎప్పుడైనా దొరుకుతారయ్యా! ఆధారపడదగ్గ అంకెలు మళ్లీ దొరుకుతాయా?”

గంగులయ్య దగ్గాడు. “మన పోలీసోడే సార్, తెలియక చేసినాడు. నాకేం కోపం లేదు. లారీ కడ్డీ ఒకటి ఇప్పిచ్చండి, సాలు.”

షిఫ్టులో జరగని పట్టివేత జరగనట్టేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పట్టివేత జరగలేదు గనక దొంగతనం లేదు. దొంగతనం లేదు గనక లారీలో ఉన్న సరుకు లారీ యజమానిదే. తొమ్మిది గొర్రెలూ మధ్యాహ్నానికే గంగులయ్య దొడ్డికి చేరాయి. అంత చిక్కు వ్యవహారాన్ని అరగంటలో తేల్చిన తర్కానికి నేను నా వార్తలో ఒక పేరా పూర్తిగా కేటాయించాను.

పెంచలమ్మ వరండాలో నన్ను ఆపింది.

“పేపరప్పా, నువ్వు గూడా ఆడనే కూచోనుంటివి. ఆ జీవాలు ఎవురివో నీకు తెలుసు గదా?”

“తెలుసమ్మా.”

“మరి ఏం రాస్తివి?”

నేను ఏం రాశానో చెప్పలేదు. ఆమెకు చదువు రాకపోవడం నాకు ఆ రోజు కలిసివచ్చింది.

అనుమతి లేకుండా షిఫ్టు దాటి పనిచేసినందుకు గౌస్ మొహిద్దీన్‌ను సస్పెండు చేశారు. టోపీ, బెల్టు, విజిలు అప్పగించి ఆయన కుంటుకుంటూ వెళుతుంటే, ఆఫీసరుగారు కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఆలోచించారు. తరువాత ఉన్నట్టుండి బల్ల మీద చరిచారు.

“నాలుగో షెడ్యూలు!”

ఏమిటన్నాం.

“ఎనిమిది గంటలు చూశాం, పన్నెండు చూశాం, ఇరవైనాలుగు చూశాం. సున్నా చూడలేదు! అసలు గస్తీ లేకపోతే ఏమవుతుందో తెలియకుండా దేంతో పోలుస్తాం? శాస్త్రానికి అది పునాది గదండీ!”

జూన్ నుంచి మూడూళ్లలో నాలుగో షెడ్యూలు అమలైంది. దాని చార్టు తెల్లగా, చాలా అందంగా ఉండేది. ఫిర్యాదులు రాసుకునే కానిస్టేబులు లేడు గనక అక్టోబరు దాకా ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదు. నివేదిక ముప్పై పేజీలైంది. నాలుగింటిలోనూ నాలుగోదే శ్రేష్ఠమనీ, దొంగతనాలు సున్నాకు పడిపోయాయనీ, సిబ్బంది ఆరోగ్యం కూడా మెరుగైందనీ తేల్చింది. నవంబరులో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలినప్పుడు ఈ నివేదిక కూడా గోనెసంచిలో తరలింది. అక్కడ సంచి విప్పే సమయానికి మా ఉపమంత్రిగారు పూర్తి మంత్రి అయ్యారు. ఫలితాలను తానే స్వయంగా ప్రొద్దుటూరు వచ్చి ప్రకటిస్తానన్నారు.

*

ఆ నెలల్లో ఏటిగడ్డపల్లెలో ఇంకొకటి జరుగుతూ వచ్చింది. ఆలస్యంగా తెలిసింది మాకు.

సస్పెండైన వారానికే పెంచలమ్మ ప్రొద్దుటూరు వచ్చి గౌస్ మొహిద్దీన్ ఇంటి అరుగు మీద కూచుంది. ఆయన సిగ్గుతో లోపలినుంచి రాలేదు. మైమూనే మంచినీళ్లు ఇచ్చింది.

“నా వల్ల మీ కూటికి దెబ్బ తగిలె గదా మైమూన్,” అంది పెంచలమ్మ.

“నీ వల్ల కాదులే అక్కా. ఆయన మంచిపని చేసినాడు, అంతే.”

“అన్నను ఒక్కసారి మా ఊరికి పంపీ. టోపీ లేకపోయినా పర్వాలేదు. ఎట్ల తిరగాల, యాడ నిలబడాల, మాకు నేర్పిస్తే మేమే తిరుక్కుంటాం. మాకు షిఫ్టులు గిఫ్టులు తెలీవు.”

లోపలినుంచి గౌస్ మొహిద్దీన్ గొంతు వినిపించింది. “రెండు కట్టెలు, ఒక తప్పెట ఉంటే సాలు పెంచలమ్మక్కా. రేపు తెల్లారకముందే, మబ్బునే వస్తా.”

వెళ్లాడు. ఊరివాళ్లకు ఏటి మలుపులు చూపించాడు. లారీ ఇసుకలో దిగే చోటు రెండే ఉన్నాయి. ఆ రెండింటి దగ్గరా ఎవరో ఒకరు ఉండాలి. మందను నీళ్లకు తోలినవాళ్లు తిరిగొచ్చేదాకా ఇంటిపట్టున ఉన్నవాళ్లు కాపలా. వాళ్లు రాగానే వీళ్లు పనిలోకి. ఎవరికి జ్వరమొస్తే పక్కింటివాళ్లు. చార్టు లేదు. లారీ నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ తప్పెట మోగింది, ఊరు వచ్చింది, లారీ ఖాళీగా వెనక్కి పోయింది. అయిదోసారి రాలేదు. చుట్టుపక్కల ఇంకో మూడు పల్లెలు ఈ పద్ధతి నేర్చుకున్నాయి. పెంచలమ్మ మంద మళ్లీ పెరిగింది. ఆమె నెలకు రెండుసార్లు మైమూన్ ఇంటికి నెయ్యి పంపేది.

ఈ అరాచకం గంగులయ్య ద్వారా డిసెంబరులో ఆఫీసరుగారి చెవిన పడింది.

“సార్, సర్కారు పని ప్రజలు చేస్తాండారు. ఇట్ల వదిలేస్తే మనల్ని ఎవురు అడుగుతారు?”

ఆఫీసరుగారి భయం వేరు. ఏటి దారిలో దొంగతనాలు తగ్గింది నాలుగో షెడ్యూలు వల్లనా, తప్పెట వల్లనా అని మంత్రిగారి సభలో ఎవరైనా అడిగితే? నివేదిక మొత్తం కూలిపోతుంది. వెంటనే ఉత్తర్వు రాయించారు. అనుమతి లేకుండా గస్తీ తిరగడం నేరం. బాధ్యులు పెంచలమ్మ, గౌస్ మొహిద్దీన్.

అరెస్టు చేయడానికి మనుషులు కావాలి. అదృష్టవశాత్తూ ఆ వారం మంత్రిగారికి గౌరవవందనం ఇవ్వడానికి దళాన్నంతా ప్రొద్దుటూరుకు రప్పించారు. వంట చేసేవాడు వచ్చాడు, రుచి చూసేవాళ్లు వచ్చారు. బావి నుంచి ఐదుగురూ మట్టికాళ్లతో వచ్చారు. ఎక్కడున్నారో తెలియనివాళ్లు, వాళ్లను వెతకబోయినవాళ్లు కలిసే వచ్చారు. ముప్పై ఐదుగురూ ఎర్రటోపీలు పెట్టుకుని, గంగులయ్య లారీలోనే పొద్దున తొమ్మిదింటికి ఏటిగడ్డపల్లెలో దిగారు. ఆఫీసరుగారి జీపు వెనక నేను కూచున్నాను.

పెంచలమ్మ మంద తోలుకొని బయలుదేరుతోంది. గౌస్ మొహిద్దీన్ ఆమెతో మాట్లాడుతూ ఏటిగట్టున నిలబడి ఉన్నాడు. ఉత్తర్వు చదివి వినిపించారు. ఆమె మొత్తం విని, “వస్తాలే,” అంది. “జీవాలను ఎవురు సూస్తారు?”

“ఎవరో ఒకరు చూస్తారు. లారీ ఎక్కు.”

“ఊరోళ్లు గస్తీ తిరగగూడదంటివి గదా. మరి నేను ఈ పక్క పోతే ఇవి ఆ పక్క పోతాయి. అప్పుడు పేపరప్ప ఏం రాస్తాడు?”

ఆఫీసరుగారు నా వైపు చూశారు. మంత్రిగారి సభకు ఇంకా రెండు రోజులుంది. ఆ రెండు రోజుల్లో ఒక్క గొర్రె పోయినా సున్నా చెడిపోతుంది. ఆయన తలపాగా లేని నెత్తిని ఎండలో కాసేపు తడుముకున్నారు. ఎనభై గొర్రెలు లారీలో పట్టవు.

“సరే. మందతో సహా నడిపించండి. జమ్మలమడుగు కోర్టు దాకా.”

తొమ్మిది మైళ్లు. దళం రెండు వరసలుగా నిలబడింది గానీ కదల్లేదు. ముందున్న కానిస్టేబులు, కర్నూల్లో వంటచేసే ఆయప్ప, గౌస్ మొహిద్దీన్ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు:

“అన్నా, దోవ యాడికి పోతాది? మేమెవ్వరం ఈ పక్కకు వచ్చిందే లేదు.”

గౌస్ మొహిద్దీన్ అతని ముఖంలోకి చూశాడు. కట్టె చేతిలోకి తీసుకుని ముందు నడిచాడు. ఆయన వెనక పెంచలమ్మ. ఆమె వెనక మంద. మందకు ఆ పక్కా ఈ పక్కా ముప్పై ఐదు ఎర్రటోపీలు.

దారి పొడుగునా పల్లెల్లో జనం పనులు ఆపి గట్ల మీదికి వచ్చి చూశారు. చిన్నపిల్లలు దండాలు పెట్టారు. ఒక ముసలాయన, ఇన్నాళ్లకు సర్కారు కళ్లు తెరిచిందని గట్టిగా అన్నాడు. ఆఫీసరుగారు జీపులోంచి ఆయనకు నమస్కారం చేశారు.

మూడు మైళ్లు పోయాక పెంచలమ్మ ఆగి వెనక్కి తిరిగింది.

“ఏమప్పా ఎర్రటోపీ, నిన్నే! ఆ పిల్ల కుంటుతాంది, కనపళ్లేదా? ఎత్తుకో. అట్ల కాదు, కాళ్లు కలిపి పట్టుకోని భుజాన ఎయ్యి. నువ్వు ఆ చివరికి పో, ఆ గుంతకాడ నిలబడు, మంద దాటినాకనే రా.”

అతను గొర్రెపిల్లను భుజానికెత్తుకున్నాడు. రెండోవాడు పరుగెత్తి గుంత దగ్గర నిలబడ్డాడు.

సాయంత్రం నేను బెజవాడకు తంతి ఇచ్చాను. ‘మూడూళ్ల ప్రత్యేక గస్తీ దళం నేడు పూర్తి సిబ్బందితో ఏటి దారిలో తొలి గస్తీ జయప్రదంగా నిర్వహించింది. ఒక్క గొర్రె కూడా పోలేదు.’ నా జీవితంలో పంపిన వార్తల్లో ప్రతి అక్షరమూ నిజమైనది అదొక్కటే.